ఏ వూరు వేశారు?

మా రేపల్లెలో ఎవరింటి పిల్లలకైనా ఉద్యోగమొచ్చిందంటే ఇరుగుపొరుగువారు వేసే మొదటి ప్రశ్న జీతాన్ని గురించి కాదు. "ఏ వూరు వేశారూ?" అని. జీతం సంగతి ఆ తరువాత, అదీ కాస్త గొంతు తగ్గించి. తెనాలి అన్నామా, "అదృష్టవంతులు" అంటారు. బాపట్ల అయితే "ఫరవాలేదు, ఇంట్లో అన్నం తిని వెళ్లి రావచ్చు" అంటారు. శ్రీకాకుళమో, అనంతపురమో అయితే ఉద్యోగమొచ్చిన సంతోషం సగం హరించుకుపోయి, "అంత దూరమా!" అని ఓదార్పులు మొదలవుతాయి.

నా ఉద్యోగం విషయంలో మాత్రం ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నేను విమానం నడుపుతాను. విమానం నడిపేదానికి వూరేమిటి, ఆకాశమే వూరు అని మావాళ్ల అభిప్రాయం కాబోలు. పొద్దున కాశ్మీరంలో కాఫీ, మధ్యాహ్నం కన్యాకుమారిలో భోజనం, రాత్రికి రేపల్లెలో పడక. ఇదీ వాళ్ల వూహ. నిజానికి బ్యాంకు గుమాస్తాకి వేసినట్టే మాకూ ఒక వూరు వేస్తారు. దానిని మేం బేస్ అంటాం. డ్యూటీ అక్కడే మొదలవుతుంది. చివరికి అక్కడికే చేర్చి వదిలేస్తారు. ఆ వూళ్లో పడుకుంటే ఇల్లు, మరో వూళ్లో పడుకుంటే హోటలు. నా బేస్ ఢిల్లీ అయి, మా నాన్నగారు రేపల్లెలో వుంటే, వచ్చిపోయే ఖర్చూ, సెలవూ, తిప్పలూ అన్నీ నావే. కంపెనీకి దానితో సంబంధం లేదు.

ఈ వూరి సంగతే కిందటి శ్రావణంలో నాకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

ముందు నా విమానాన్ని గురించి చెప్పాలి. దాని పేరు ఏటీఆర్ 72. ఫ్రాన్సు దేశంలో తూలూజ్ అనే వూళ్లో తయారవుతుంది. రెక్కలు పైన, వాటి కింద రెండు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకీ ఆరాకుల పంకా. డెబ్బయి ఎనిమిది మంది వరకూ ఎక్కవచ్చు. ఎయిర్‌బస్ 320 అనేది దీని పక్కన నిలబడితే ఏనుగు పక్కన ఎద్దులా వుంటుంది మాది. దాని బరువు ప్రయాణికులతో సహా సుమారు 79 టన్నులు, మాది 23. అది గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు పోతుంది, మాది అయిదు వందలు. అది 39,000 అడుగుల ఎత్తున మబ్బుల మీదుగా పోతే, మేం 25,000 దాటం. తరచు అంతకన్నా చాలా కిందనే, మబ్బుల మధ్య దారి వెతుక్కుంటూ పోతాం. మే నెల మధ్యాహ్నాలు, కార్తీకంలో వాయుగుండం రోజులు మాకు బాగా తెలుస్తాయి.

కాని ఎద్దుకి వుండే గుణాలు ఎద్దుకున్నాయి. నిండు బరువుతో సుమారు 1,300 మీటర్ల రన్‌వే వుంటే లేవగలదు. నేలమీద ఆగినప్పుడు దీపాలకీ, చల్లగాలికీ ఎయిర్‌బస్ తోకలో వేరే ఒక చిన్న ఇంజను వుంటుంది. మాకది లేదు. కుడి ఇంజను పంకాకి బ్రేకు వేసి, పంకా తిరక్కుండా ఇంజను మాత్రం తిరిగేలా చేస్తాం. ఆ ఇంజనే కరెంటిస్తుంది, గాలిస్తుంది. దీన్ని హోటల్ మోడ్ అంటారు. చిన్న వూళ్లో విమానాశ్రయం వాళ్లు ఏ సదుపాయం చూపించకపోయినా మా బండి తన బతుకు తాను బతుకుతుందన్నమాట. పైగా ఎనభై సీట్లకు లోపున్న విమానాలకు ప్రభుత్వ విమానాశ్రయాల్లో దిగినందుకు రుసుం తీసుకోకుండా వెసులుబాటుంది. డెబ్బయి ఎనిమిది అన్న లెక్క ఎందుకో మీకిప్పుడు అర్థమై వుంటుంది.

ఇన్ని సుగుణాలున్నా మా తెనాలి పెద్దమ్మకి ఈ విమానమంటే చిన్నచూపు. నాకు సంబంధాలు చూసే బాధ్యత ఆవిడదే. ఒకసారి పెళ్లివారు, "పిల్ల నడిపేది ఫాన్ల విమానమటగా?" అన్నారట. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"ఏమేవ్, ఆ పెద్దదానికి మారవచ్చుగా? చదివిన చదువు అదేగా!" అంది నాతో.

"మారవచ్చు పెద్దమ్మా. కాని పెద్దదానికి మారితే ఢిల్లీ వేస్తారు," అన్నాను.

"ఢిల్లీయా?" అని ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించింది. "అయితే ఆ ఫాన్లదే నయమేమోలే," అంది.

పెద్దమ్మకు ఒక్క నిమిషంలో తేలిన విషయం నాకు తేలడానికి పదిహేను రోజులు పట్టింది.

మా కంపెనీ శ్రావణంలో ఒక ఫారం పంపింది. అందులో ముఖ్యమైన గళ్లు మూడు: ఏ విమానం, ఏ కుర్చీ, ఏ వూరు. కుర్చీ అంటే కాక్‌పిట్‌లో కుర్చీ. ఎడమది కెప్టెన్‌ది, కుడిది కో-పైలట్‌ది. నేను నాలుగేళ్లుగా కుడి కుర్చీలో, హైదరాబాదు బేస్‌లో పనిచేస్తున్నాను. 2,600 గంటలు ఎగిరాను. కెప్టెన్ కావడానికి కావలసిన పెద్ద లైసెన్సుకి 1,500 గంటలు చాలు, అదీ చేతికొచ్చింది. ఇక మిగిలింది వరస.

ఆ ఫారాన్ని ఎటు తిప్పి చూసినా మూడిట్లో రెండే దొరుకుతున్నాయి. ఎయిర్‌బస్ కావాలంటే ఢిల్లీ వెళ్లాలి, మళ్లీ కుడి కుర్చీలోనే కొన్నేళ్లు కూర్చోవాలి. ఆ తరువాత మాత్రం జీతానికి ఎల్ల లేదు, ముందు ముందు సింగపూరు, దుబాయి కూడా. ఏటీఆర్ మీదనే ఎడమ కుర్చీ కావాలంటే మూణ్ణెల్లలో శిక్షణకి పిలుస్తారు. కాని బేస్ కలకత్తా. ఏటీఆర్, హైదరాబాదు రెండూ కావాలంటే ఎడమ కుర్చీ ఇప్పట్లో లేదు. వరసలో నాకు ముందు పదకొండుగురున్నారు. ఏడాదిన్నరో, రెండేళ్లో.

ఇందులో డబ్బు సంగతి చిన్నది కాదు. పైలట్ చదువంటే లక్షలతో పని. ఇంటర్‌లో లెక్కలూ, ఫిజిక్సూ చదివి, వైద్య పరీక్షలు నెగ్గి, 200 గంటలు ఎగిరి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకోవాలి. ఆపైన ఏ విమానం నడపబోతే ఆ విమానానికి వేరే శిక్షణ. నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు మొత్తం అందులోనే పోయింది. చాలక బ్యాంకు అప్పు. ఆ వాయిదా నెలనెలా నా జీతంలోంచి ఒకటో తారీకునే వెళ్లిపోతుంది. ఎడమ కుర్చీకీ, కుడి కుర్చీకీ జీతంలో వున్న తేడా ఎంతో నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఇంకో వంక నాన్నగారు. అమ్మ పోయి ఆరేళ్లయింది. కిందటేడు ఆయన గుండెకి స్టెంటు వేశారు. హైదరాబాదు వచ్చి నాతో వుండమంటే, "పొద్దున్నే స్టేషనుదాకా నడవకపోతే నాకు తెల్లవారదు," అంటారు. రేపల్లె స్టేషను దగ్గర పట్టాలు ఆగిపోతాయి. తెనాలినుంచి వచ్చే బండికి మా వూరే ఆఖరు. ఆయనకూ అంతే.

ఈ సంగతి తెలిసి మా వీధివాళ్లు నాకొక సలహా ఇచ్చారు: "గన్నవరంలోనే వుండిపోరాదుటే? గంటన్నరలో ఇంట్లో వుంటావు!" సలహా బంగారంలాంటిదే. కాని విమానం రోజూ దిగిన వూరల్లా బేస్ కాదు. రాత్రి విమానాలు అక్కడ పడుకోవాలి. వాటిని చూసే ఇంజనీర్లు, విడిభాగాలు, ఒకరికి జ్వరమొస్తే లేచి వచ్చే మరో పైలట్ అక్కడ వుండాలి. రోజుకి నాలుగు సర్వీసులున్నంత మాత్రాన ఏ కంపెనీ అంత సంసారం పెట్టదు.

పెట్టినవాళ్లు లేకపోలేదు. విజయవాడ ముఖ్య కార్యాలయంగా ఎయిర్ కోస్టా అనే కంపెనీ 2013 అక్టోబరులో ఎంబ్రేయర్ జెట్ విమానాలతో మొదలైంది. మన జిల్లాల పిల్లలకు ఇంటిపట్టున విమానం నడిపే రోజులు వచ్చాయనుకున్నారు. 2017 ఫిబ్రవరి చివర అది ఆగిపోయింది. హైదరాబాదునుంచి ట్రూజెట్ 2015 జూలైలో ఏటీఆర్‌లతో బయలుదేరింది. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప-హైదరాబాదు సర్వీసుకి ప్రధానమంత్రి జెండా వూపినప్పుడు ఆ విమానం దీనిదే. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. ఇంకా వెనక్కి వెళితే, నిజాం కాలంలో బేగంపేటనుంచి డకోటాలు నడిపిన డెక్కన్ ఎయిర్వేస్ 1953లో మరి ఏడు కంపెనీలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆడమనిషివని పలు కంపెనీలు కాదన్నాక ప్రేమ్ మాథుర్‌కి కో-పైలట్ కుర్చీ ఇచ్చింది ఆ కంపెనీయే. ఆవిడ 1947లో లైసెన్సు తెచ్చుకున్న మొదటి భారతీయ మహిళా కమర్షియల్ పైలట్. ఈ కథలన్నీ చెప్పడమెందుకంటే, బేస్ అనేది సొంత ఇల్లు కాదు, అద్దె ఇల్లు. ఇంటివారు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలియదు. కలకత్తా వెళ్లినా, ఢిల్లీ వెళ్లినా, హైదరాబాదులో వున్నా ఆ సంగతి ఒకటే.

విమానం సంగతీ అంతే. రాజమండ్రి చూడండి. రన్‌వే పొట్టిగా వున్నన్నాళ్లూ అక్కడికి మాలాంటి పంకాల విమానాలే పోయేవి. రన్‌వేని 3,165 మీటర్లకి పెంచారు. 2024 డిసెంబరులో ముంబయికీ, ఢిల్లీకీ నేరుగా ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. ముందు మేం వెళ్లి, ఈ వూళ్లో విమానమెక్కేవాళ్లున్నారని రుజువు చేస్తాం. తరువాత పెద్ద విమానం వచ్చి ఆ జనాన్ని ఎక్కించుకుపోతుంది. మేం ఇంకో కొత్త వూరు వెతుక్కుంటాం. 2021 మార్చిలో కర్నూలు ఓర్వకల్లు అలా తెరిచినదే. ఎప్పటికప్పుడు కొత్త వూరికి దారి వెయ్యడం ముచ్చటగానే వుంటుంది. కాని పదిహేనేళ్ల తరువాత దారులు వెయ్యవలసిన వూళ్లు మిగులుతాయా అన్న ప్రశ్న రాత్రిళ్లు రాకుండా వుండదు.

ఇన్ని ఆలోచనలతో సతమతమై చివరికి ఫారం తీసుకుని రేపల్లె వెళ్లాను.

మా నాన్నగారు రైల్వేలో గార్డు. విమానాల సంగతి ఆయనకు తెలియకపోయినా ఈ సమస్య ఆయనకి కొత్త కాదు. రైల్వేలో కూడా గార్డులకీ, డ్రైవర్లకీ హెడ్‌క్వార్టర్సని ఒక వూరు వేస్తారు. పైవూళ్లో ఆగితే రన్నింగ్ రూములో పడక. ఆయన రోజుల్లో గూడ్సు గార్డు, పాసింజరు గార్డు, మెయిలు గార్డు అని మెట్లుండేవి. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫారం రెండుసార్లు చదివి, "ఇదేముందే, మా కాగితమేగా! ఇంగ్లీషు కొంచెం మార్చారు," అన్నారు.

తరువాత పాత డైరీలోంచి ఒక కాగితం చింపి లెక్క వెయ్యడం మొదలుపెట్టారు.

"వారానికి మీకు విశ్రాంతి ఎంత?"

"ఇదివరకు ముప్ఫయ్యారు గంటలు. కొత్త నిబంధనల్లో నలభయ్యెనిమిది చేశారు. రెండు రాత్రులు అందులో కలవాలి."

"సరే. హైదరాబాదులో సాయంత్రం డ్యూటీ దిగావనుకో. రాత్రికి డెల్టా పట్టుకుంటావు. తెల్లవారి గుంటూరు, తెనాలి దాటి పొద్దున్నే ఇక్కడ దిగుతావు. పగలంతా వుండి మళ్లీ రాత్రి బండి. ఒక పూర్తి పగలు వచ్చింది. ఇక ఢిల్లీ. గన్నవరం విమానంలో సీటు దొరకాలి, దొరికితే అక్కడినుంచి కారు. దొరక్కపోతే ఆ వారం లేదు. కలకత్తా కూడా అంతే." ఇలా ఆయన ఎడం పక్క రైలు వేళలు, కుడిపక్క ఖర్చులు వేసి, అడుగున గీత గీసి, మొత్తం వెయ్యకుండా కాగితం నా చేతికిచ్చారు.

"మొత్తం వెయ్యలేదేం నాన్నగారూ?" అన్నాను.

"అది నువ్వు వేసుకోవలసింది. ఒక్కటి మాత్రం చెబుతా విను. ఆ లెక్కలో నన్ను కలపకు. నాకోసమని హైదరాబాదు రాశావనుకో, రేపు నేను పోయాక నీకు ఆ వూళ్లో పనేముంది?"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన చూడనట్టే కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లారు. తిరిగొచ్చి కూర్చుని, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. నేను పుట్టిననాడు ఆయన బిట్రగుంటలో గూడ్సు గార్డు. ఆడపిల్ల పుట్టిందన్న కబురు కంట్రోలు ఫోనులో తెలిసిందట. నన్ను చూసింది అయిదోరోజు. తరువాత మెయిలు గార్డు ప్రమోషను వచ్చింది, మరీ దూరం వేశారు. అది వదులుకుని గుంటూరు పాసింజరు బండ్లమీద వుండిపోయారు. తోటివాళ్లందరూ ఆయన్ని వెర్రివాడన్నారట.

"విచారించారా?" అన్నాను.

"ఎందుకు విచారించనూ? మా బండిని లూప్‌లైన్లో నిలబెట్టి, మెయిలు దుమ్ము లేపుకుంటూ పోయినప్పుడల్లా విచారించాను. కాని అమ్మాయ్, మెయిలెక్కినా విచారమే వుండేది, ఇంకో రకంది. ఏది రాసినా ఒక విచారం మిగులుతుంది. ఏ విచారం మిగిలితే రాత్రి నిద్రపడుతుందో అది చూసుకుని రాయి. బండి పెద్దదయినంత మాత్రాన గార్డు పెద్దవాడు కాడు. జెండా అందరికీ ఒకటే."

ఆ రాత్రి నేను మొత్తం వేసుకున్నాను. ఆయన చెప్పినట్టు ఆయన్ని తీసేసే వేశాను. నాకు కావలసిందేమిటి? రోజుకి నాలుగుసార్లు లేచి నాలుగుసార్లు దిగే పని నాకిష్టం. ఎన్నిసార్లు దిగితే అంత చెయ్యి తిరుగుతుంది. కడపలో ఎండా, తిరుపతిలో కొండా, గన్నవరంలో పొగమంచూ ఏ వేళకి ఎలా వుంటాయో నాలుగేళ్లలో తెలుసుకున్నాను. మొదటిసారి విమానమెక్కి, తాడు పట్టుకున్నట్టు సీటు పట్టుకుని కూర్చునే ముసలమ్మలు ఎక్కువగా మా విమానంలోనే ఎక్కుతారు. వాళ్లకి తెలుగులో రెండు ముక్కలు చెబితే వాళ్ల మొహాలు తేటపడతాయి. ఇది పెద్ద ఉద్యోగమో, చిన్న ఉద్యోగమో నాకు తెలియదు, నాకు నప్పిన ఉద్యోగం. అప్పు సంగతా? కుడి కుర్చీ జీతంతో ఇంకో రెండేళ్లు ఎక్కువ పడుతుంది తీరడానికి. కొత్త చీరలు రెండేళ్లు మానుకుంటే ప్రపంచమేమీ మునగదు.

ఇదంతా వేశాక, ఆయన వద్దన్నా సరే, అడుగున నాన్నగారిని కలిపాను. మొత్తం మారలేదు. మారనందుకు నాకెంతో తృప్తి కలిగింది. ఆయన కోసమే రాస్తే ఆయన మీద బరువు పడేది. ఆయన లేకపోయినా అదే రాస్తానని తేలాక, ఆయన వుండడం నాకు లాభం కింద లెక్క. ఏటీఆర్, కుడి కుర్చీ, హైదరాబాదు అని రాసి పంపాను.

నాతోపాటు శిక్షణ పొందిన స్నేహితురాలు ఎయిర్‌బస్, ఢిల్లీ రాసింది. ఆమె మీద ఇద్దరు తమ్ముళ్ల చదువులున్నాయి; పదేళ్ల తరువాత వచ్చే జీతం ఆమెకు అవసరం. పైగా ఆమెకు చిన్నప్పటినుంచీ దేశాలు చూడాలని కోరిక. మొన్న ఫోనులో ఎంతో ఉత్సాహంగా మాట్లాడింది. ఆమె ఫారం ఆమెకి సరిపోయింది, నా ఫారం నాకు.

ఈమధ్య మా ప్రాంతంనుంచి కూడా పిల్లలు, అందులో ఆడపిల్లలు, పైలట్ చదువుకి వెళతామంటున్నారు. తల్లిదండ్రులు నన్ను పిలిచి, ఎంత ఖర్చవుతుంది, ఎంత జీతమొస్తుంది అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. చెప్పి, పిల్లలతో విడిగా ఇంకో మాట అంటాను: ఏ విమానం, ఏ కుర్చీ, ఏ వూరు, ఈ మూడిట్లో ఏది లేకపోయినా బతకగలవో ముందు తేల్చుకో అని. మూడూ ఒక్కసారి దొరికినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

నా వరస నెమ్మదిగానే కదులుతోంది. పదకొండుగురిలో నలుగురు ఎడమ కుర్చీ ఎక్కారు. ఇంకా ఏడుగురున్నారు. నాకు తొందర లేదు. గన్నవరంనుంచి తిరుపతి పోయేటప్పుడు, ఆకాశం తేటగా వుంటే, కృష్ణ సముద్రంలో కలిసే చోటు ఎడమవైపు, కెప్టెన్ కిటికీలో కనిపిస్తుంది. ఆ పాయల గట్టున కాస్త పైగా మా వూరు. తిరిగి వచ్చేటప్పుడు అది నావైపుకి వస్తుంది.